మక్సద్ గడిలో రాసిన మాట

పోస్టుకు చేరింది అక్టోబరులో, పగలు పదకొండున్నరకు. సిక్కిం కొండలు, పదమూడు వేల అడుగులు. రెండు బంకర్లు, పదకొండు మందిమి, ఒక వైర్‌లెస్ సెట్టు. ఆ సెట్టు నా పని. రెండు గంటలకోసారి కింద బేసుతో మాట్లాడాలి. బ్యాటరీ చలికి చచ్చిపోకుండా కోటు లోపల పొట్టకు ఆనించి పెట్టుకునేవాణ్ణి. టాటానగర్‌లో మా పేట సోనారిలో మనవాళ్లు ఇప్పటికీ అడుగుతారు, “తుపాకీ ఎన్నిసార్లు పేల్చినావు?” అని. ఒక్కసారీ లేదు బాబూ! పారతో మంచు మాత్రం తెగ ఎత్తాను.

మా హవల్దారు కుమావూ కొండల మనిషి. ఏ చిక్కొచ్చినా కాగితం మీద నాలుగు గళ్లు గీసేవాడు. ఖబర్, అంటే ఇప్పటికి తెలిసింది. మక్సద్, అంటే సాధించాల్సింది. రాస్తే, అంటే ఉన్న దారులు. ఇంతజామ్, ఒక్కో దారికి ఏమేం కావాలో. కిరసనాయిలు తగ్గినా, ఇద్దరు తగువుపడినా అదే కాగితం. పెళ్లిచూపులకు కూడా గళ్లు గీసే వెళ్లుంటాడని నవ్వుకునేవాణ్ణి.

నవంబరు చివర అమ్మ ఉత్తరం వచ్చింది. నాన్న కారఖానాలో ఫర్నేసు దగ్గర ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైనవాడు. “మీ నాన్నకి కళ్లు ఆనడం తగ్గిపోతంది. నీటికాసులంట. నీకోసం చూత్తన్నాడు. ఓపాలి వచ్చెళ్లు.”

నాలుగు రోజుల్లో ఆఖరి జట్టు కిందికి దిగుతుంది. తరవాత ఏప్రిల్ దాకా దారి మూత. నా బదులు రావాల్సిన ఆపరేటరు బేసులో జ్వరంతో పడున్నాడు. నేను దిగితే పోస్టు మూగదైపోతుంది. హవల్దారు గళ్ల కాగితం చేతికిచ్చాడు.

మక్సద్ గడిలో “ఇంటికి వెళ్లడం” అని రాశాను. చూసి కొట్టేశాడు.

“యే తో రాస్తా హై. మక్సద్ క్యా హై?”

వెళ్లడం దారి మాత్రమేనట. వెళ్లి ఏం సాధించాలో రాయమన్నాడు. ఒళ్లు మండింది. ఈయనకి తండ్రి లేడా అనుకున్నాను. రెండు టీలు చల్లారాక రాశాను: నాన్న నా ముఖం చూడాలి.

అప్పుడే రెండో దారి కనిపించింది. ఫొటో. మందులు చూసే జవాను దగ్గర కెమెరా ఉంది. మధ్యాహ్నం పన్నెండుకు, టోపీ తీసి, ఎండకేసి నిలబడ్డాను. కిందికి దిగుతున్న వంటవాడు రీలు తీసుకెళ్లి, కడిగించి, ఇంటికి పోస్టు చేశాడు. నేను ఉండిపోయాను.

“తేరా ఫైసలా,” అన్నాడు హవల్దారు. అవును, నిర్ణయం నాదే.

జనవరిలో కాపలా జవానుకు కడుపునొప్పి, జ్వరం. “బుఖార్ కిత్నా? ఓవర్,” అని కింద నుంచి డాక్టరు. “ఏక్ సౌ తీన్. ఓవర్,” అని నేను. మూడు రోజులు అలా మాటలు మోశాను. మనిషి బతికాడు. కాబట్టి ఉండిపోవడం తప్పని అనలేను. అదే నన్ను తినేస్తోంది.

తప్పు మొదటి గడిలో, ఖబర్‌లో ఉంది. ఉత్తరం మీద తేదీ చూడలేదు. అది కొండెక్కేసరికే నెల దాటింది. పైగా “చూత్తన్నాడు” అన్న మాట. ఎదురుచూడటాన్నే మన ఇళ్లల్లో అలా అంటాం. నేను మాత్రం ఇంకా చూపుంది, టైముంది అని చదువుకున్నాను. ఫొటో చేరేసరికి నాన్నకు ఏమీ ఆనడం లేదు. దారి మూసుకున్నాక ఉత్తరాలూ రాలేదు. నాకెలా తెలుస్తుంది?

ఇప్పుడు సైన్యం వదిలి చేరిన ఆదిత్యపూర్ వర్క్‌షాపులో లేతు మిషను మొరాయించినా గళ్లే గీస్తాను. “ఫౌజీ బాబు ముగ్గేత్తన్నాడ్రా!” అని తోటివాళ్లు ఏడిపిస్తారు. ఏడిపించనివ్వండి. మొదటి గడిలో ఒక ప్రశ్న నేను చేర్చుకున్నాను: ఈ ఖబర్ ఏనాటిది?

ఆ ఏప్రిల్‌లో, దారి తెరిచాక, టాటానగర్‌లో రైలు దిగాను. ఆటోలో సోనారి చేరేసరికి ఉదయం తొమ్మిదిన్నర. నాన్న వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేస్తాడనుకున్నాను. లేవలేదు. గేటు చప్పుడుకు తల మాత్రం తిప్పాడు.

“రా బాబూ, కూసో. మావోణ్ణి సూసినావా? పోటో అంపినాడు.”

చొక్కా జేబులోంచి తీసి నా ముందుకు చాపాడు. వెనక్కి తిప్పి పట్టుకున్నాడు. బొమ్మ ఆయన వైపు, తెల్లటి వీపు నా వైపు.

సంచి కింద పెట్టాను.

“ఎలాగున్నాడు?” అన్నాడు.

“బాగున్నాడు నాన్నా.”

గొంతు గుర్తుపట్టేశాడు. “ఏటిరా! ఒచ్చీసినావా!”

ఎడమచేత్తో నా ముఖం తడిమాడు. నుదురు, ముక్కు, గడ్డం. “సిక్కిపోనావురా,” అన్నాడు. కుడిచెయ్యి మాత్రం దించలేదు. ఆ ఫొటో తెల్లటి వీపు నా ముందు అలాగే ఉంది.