మిల్లు గేటు దగ్గర

మా మేనత్త శౌరమ్మ నలభై ఏడేళ్లు పగ మోసింది. ఆ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. మా ఊరు పంచాయతీగా ఉన్నప్పుడు చీపురు పట్టింది, నగర పంచాయతీ అయ్యాక రిటైరైంది. అన్ని వీధులూ ఊడ్చింది కానీ రైస్ మిల్లు ముందు ఒక్క రోజూ ఊడవలేదు. మేస్త్రీలు తిట్టారు, మెమోలిచ్చారు. ఊడవలేదు.

డెబ్భై ఏడు ఉప్పెనలో మా పేట జనమంతా ఎత్తు మీదున్న ఆ మిల్లుకే పరిగెత్తారు. యజమాని లోపలి నుంచి తాళం వేయించాడు. పేటవాళ్లు వస్తే బియ్యం బస్తాలు మిగలవన్నాడట. గేటు పట్టుకుని వేలాడుతున్న అత్త చేతిలోంచి ఆమె తమ్ముడు పాల్ జారిపోయాడు. వాడికి ఏడేళ్లు.

ఏటా ఉప్పెన వచ్చిన నవంబరు పందొమ్మిదిన పూజ అయ్యాక మా చర్చిలో పోయినవాళ్ల పేర్లు చదువుతారు. పేరు, వయసు, శవం దొరికిన చోటు. మరియదాసులే ముగ్గురు పోయారు, అందుకని చోటు కూడా చెప్పడం అలవాటైంది. చదివేది అత్తే.

నగర పంచాయతీ అయి పదేళ్లయిందని ఈ ఏడు ఊరి చరిత్ర పుస్తకం వేశారు. రైతులకు, సాలీలకు, చేపలు పట్టేవాళ్లకు తలో అధ్యాయం. మా పేటకు పేజీన్నర. ఉప్పెనలో మిల్లు గేట్లు బార్లా తెరిచి మూడు వందల మందిని కాపాడిన మహానుభావుడి గురించి మాత్రం ఆరు పేజీలు. రాసింది ఆ మహానుభావుడి కొడుకు రామకోటేశ్వరరావు. నాకు కడుపు మండిపోయింది. అత్త చిన్న అక్షరాలు ఆనక ఆ ఆరు పేజీలూ నాచేత రెండుసార్లు చదివించుకుంది.

ఆ రామకోటేశ్వరరావే కారేసుకుని మా ఇంటికొచ్చాడు.

"శౌరమ్మా, పదేళ్ల పండగ సభలో నీకు శాలువా కప్పుతాం. చర్చిలో చదువుతావంటగా, ఆ పేర్లు స్టేజీ మీద చదివితే నిండుగా ఉంటది."

"చర్చిలో ఎట్టా చదువుతానో అట్టాగే చదవమంటారాండీ?"

"అట్టాగే. ఒక్క ముక్క తగ్గకూడదు."

ఒక్క నవంబరులోనైనా మా చర్చి గుమ్మం తొక్కి ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

సభ రోజు అత్త మైకు ముందు నిలబడింది.

"మరియదాసు, నలభై ఏళ్లు, లాకుల దగ్గర. హెప్సిబా, ఇరవై రెండేళ్లు, రైస్ మిల్లు గేటు దగ్గర. లాజరు, అరవై ఏళ్లు, రైస్ మిల్లు గేటు దగ్గర."

నాలుగోసారి గేటు పేరు వచ్చేసరికి జనం పుస్తకాలు మూసి ఆయన వైపు చూస్తున్నారు.

"చాలమ్మా, టైమైపోతోంది," అన్నాడు రామకోటేశ్వరరావు లేచి.

"ఒక్క ముక్క తగ్గకూడదన్నారుగా అండీ," అంది అత్త మైకులోనే. ముందు వరసలో ఎవరో "చదవనీయండి" అని అరిచారు. ఆయన కూర్చున్నాడు.

మొత్తం పదకొండు మంది గేటు దగ్గర. ఆఖరివాడు మా చిన్నాన్న.

"పాల్, ఏడేళ్లు, రైస్ మిల్లు గేటు దగ్గర. లోపల తాళం."

ఆ చివరి రెండు మాటలూ చర్చి కాగితంలో లేవు. అవి అత్తవి. శాలువా ఆయన చేతిలో ఉండగానే ఆమె మెట్లు దిగి వచ్చేసింది.