మిషనక్క తోలుముక్క

మిషనక్క మొదటి గెలుపు ఒక తుక్కు కుట్టుమిషను. ముగ్గురు మెకానిక్కులు పెదవి విరిచి, పాత ఇనుముకి వేసేయమన్న పాదం మిషనును ముందేసుకుని ఆమె పదకొండు రోజులు కూర్చుంది. పాదం నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ చివర గిన్నె అరిగిపోయి, తొక్కినప్పుడల్లా ఊడిపడేది. పన్నెండో రోజున, తెగిన తోలు బెల్టులోంచి ఒక ముక్క కోసి, పలచగా చెక్కి, మిషను నూనెలో నానబెట్టి ఆ గిన్నెలో పరిచింది. మిషను నడిచింది. ఇప్పటికీ నడుస్తోంది. ఆమె చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. ఆ చేతుల్లో ప్రాణం పోసుకున్న మిషన్లు నాలుగు వందల పైచిలుకు, ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్న ఆడపిల్లలు అరవై ఇద్దరు. పెదవి విరిచిన ఆ ముగ్గురూ ఇప్పుడు ఏం వెలగబెడుతున్నారో ఎవరికీ తెలియదు, ఎవరికీ అక్కర్లేదు కూడా.

అటువంటి మనిషికి కొండల అవతలి శిక్షణ కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. పధ్నాలుగు మిషన్లు మూలనపడ్డాయట. సోమవారం పొద్దున తొమ్మిదికల్లా వస్తే పని ఆమెది, రాకపోతే వేరేవాళ్లది. కాగితం మీద రాసి పిలవడం అదే మొదలు. ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి సూదుల డబ్బాలో దాచుకుంది.

శనివారం వాన పట్టుకుంది. భర్త పాత కారు బయటికి తీస్తే వైపర్లు కదల్లేదు. మోటారు గుర్రుమంటోంది, వైపర్లు మాత్రం పడుకునే ఉన్నాయి. విసుగొచ్చి ఆయన నడుస్తున్న మోటారును అలాగే తాళం తిప్పి ఆపేశాడు. వైపర్లు లేకుండా కొండ దారి ఎక్కేది లేదని చెప్పి, తమ్ముణ్ని పిలిపించాడు.

ఈ మరిది కార్ల సామాన్ల దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడతాడు. పద్దెనిమిదేళ్లుగా అట్టపెట్టెలు అందించడమే తప్ప ఒక్క మర బిగించిన పాపాన పోలేదు. జేబులో మాత్రం మూడు పెన్నులు. కారు వైపు వంగనైనా వంగకుండా, సెట్టు మొత్తం మార్చాలని, ఆర్డరు పెడితే పది రోజుల్లో వస్తుందని తీర్పు చెప్పాడు.

"సోమవారం వెళ్లాలంటుంటే పది రోజులంటావేంటయ్యా," అంది మిషనక్క.

"కంపెనీ సామాను వదినా. మీ కుట్టుమిషను కాదు."

ఆ మాటతో ఆమె స్పానరు అందుకుంది.

వైపర్లు ఊడదీసి, అద్దం కింది ప్లాస్టిక్ మూత విప్పితే లోపల ఉన్నది ఆమెకు తెలిసిన భాగోతమే. మోటారు తిప్పే ఒక గుండు, దాన్ని పట్టుకునే కడ్డీ చివర ప్లాస్టిక్ గిన్నె. గిన్నె అరిగింది, గుండు జారింది. దీనికా సెట్టు మొత్తం? చెప్పు తెగిందంటే కాలు మార్చుకోమనే రకం వీడు, అనుకుంది. తోలు చెక్కింది, నానబెట్టింది, గిన్నెలో పరిచి గుండు మీద నొక్కింది. ఊడకుండా సన్నతీగ చుట్టింది. వైపర్లు పడుకోబెట్టి బిగించి, స్విచ్ వేయించింది.

వైపర్లు లేచాయి. లేచి, అద్దం దాటి, పక్క కమ్మీకి ఠపీమని కొట్టుకున్నాయి. భర్త గబుక్కున ఆపేశాడు.

"ఏం కుడుతున్నాయి వదినా, జాకెట్టా?" అన్నాడు మరిది.

ఆమె మోటారు మీదికి వంగింది. మిషను ఆపితే సూది పైకి లేచి ఆగాలని అరవై ఇద్దరికి మొట్టికాయ వేసి మరీ నేర్పింది తను. తాళంతో ఆపేయడంతో సగం తిరిగి ఆగిన మోటారుకు వైపర్లు బిగించిందీ తనే. చెవులు వేడెక్కాయి. మరిదిని చూసి కాదు, ఆ పిల్లలు గుర్తొచ్చి. మళ్లీ వైపర్లు ఊడదీసింది. మోటారును కాసేపు తిరగనిచ్చి, ఈసారి తాళంతో కాక స్విచ్‌తో ఆపమంది. అది తన చోటుకి తాను వెళ్లి ఆగింది. అప్పుడు బిగించింది.

తరువాత మరిది చేతికి నీళ్ల పైపు ఇచ్చి, అద్దం మీద పట్టమంది. రెండు గంటలు వైపర్లు అద్దం అంచు దాటకుండా ఆడాయి, తోలు చెక్కుచెదరలేదు. మధ్యలో అతను చెయ్యి మార్చుకోబోతే, పైపు పట్టుకోవడానికి కూడా పది రోజులు కావాలా అని అడిగింది. భర్త నవ్వు దాచుకుని, ఆమె పనిముట్ల సంచీ డిక్కీలో పెట్టాడు.

ఆదివారం తెల్లవారాక, వానలోనే బయలుదేరారు. సూదుల డబ్బాలో ఉత్తరం పక్కన ఇంకో తోలుముక్క. ఇంటి తాళం తీసుకోవడానికి వచ్చిన మరిదిని కారులోంచి పిలిచింది.

"ఆ పెన్నులు ఊరికే మోయడమెందుకు, ఒకటి తీసి రాయి. తలుపుకి కడుదువుగాని."

అతను గొణుక్కుంటూ అట్టముక్క వెతికి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు: మిషనక్క పనిమీద వెళ్లింది. తిరిగి వచ్చేది గురువారం, పదిహేడో తేదీ.