పనివాళ్లు: లేరు

పుంగనూరు బజారులో మా నాయనకు స్టీలు పాత్రల అంగడి ఉండేది. ఆ వీధి పిల్లలకు ఎక్కాలకంటే ముందు ఒంటబట్టే విద్య ఒకటుంది. వ్యాపారం ఎలా సాగుతోందని ఎవరైనా అడిగితే మొహం వేలాడదీయాలి. అడిగినవాడు చుట్టమైతే కొంచెం, ఆఫీసరైతే పూర్తిగా. అంగట్లో కాలు పెట్టడానికి చోటు లేని రోజున కూడా మా నాయన, "ఏం యాపారమప్పా, ఈగలు తోలుకుంటాండాం" అనేవాడు. దాన్ని అబద్ధమని ఆ వీధిలో ఎవరూ అనుకోలేదు. ఎదుటి అంగడాయన కూడా అదే మాట అనేవాడు.

నేను మదనపల్లెకు కోడలిగా వచ్చి, తొంభైల్లో ఒక ఆసుపత్రి బిల్లుల కౌంటరులో కూర్చున్నాను. రెండు వేల సంవత్సరం దాటాక మా ప్రాంతానికీ ఆరోగ్య ఇన్సూరెన్సు కార్డులు రావడం మొదలైంది. ఆసుపత్రులకు కొత్త తలనొప్పి పట్టుకుంది. మందుల చీటీలు, రక్త పరీక్షలు, డాక్టరు రాతలు అన్నీ వరుసగా పేర్చి, బిల్లు తయారుచేసి ఇన్సూరెన్సు వాళ్లకు పంపాలి. ఒక్క చీటీ తగ్గినా కట్టంతా తిరిగొచ్చేది. ఆ పని నాకు తెలుసు. ఉద్యోగం మానేసి, ఇంటి ముందు గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకున్నాను. నాతోపాటు రిటైరైన నర్సక్క ఒకామె చేరింది. డాక్టర్ల రాత చదవడంలో ఆమెను మించినవాళ్లు లేరు. నెల జీతానికే వచ్చేది. చర్చికి పోయే ఆదివారం తప్ప రోజూ వచ్చేది.

రెండు చిన్న నర్సింగ్ హోముల పనితో ఏడాది నెట్టుకొచ్చాక, కుప్పంలో ఒక పెద్ద ఆసుపత్రి కబురు పెట్టింది. ఇన్సూరెన్సు బిల్లులన్నీ మాకే ఇస్తారట. అది దొరికితే ముందు గది నిలబడుతుంది, లేకుంటే నేను మళ్లీ ఎవరి కౌంటరులోనో కూర్చోవాలి. అక్కడి మేనేజరు ఒకే షరతు పెట్టాడు. "లేబర్ ఆఫీసు రిజిస్ట్రేషన్ కాగితం తెండమ్మా. నెలాఖరులోపల. లేకుంటే బెంగుళూరు వాళ్లకు ఇచ్చేస్తాం."

ఇంట్లో నడిపే పనికి కూడా షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటుందని అప్పుడే తెలిసింది. మదనపల్లె లేబర్ ఆఫీసుకు పోయి ఫారం తీసుకుని బల్ల మీద పరిచాను. ప్రభుత్వ ముద్ర కనబడగానే నా చెయ్యి నా మాట వినడం మానేసింది. చేసే పని: బిల్లుల టైపింగు. పనివాళ్లు: లేరు. అంతకంటే తక్కువ రాయడానికి ఫారంలో చోటు లేక ఆగాను. పనివాళ్ల లెక్కను బట్టి కట్టే ఫీజు అన్నిటికంటే కింది మెట్టుదే పడింది. ఏనుగును కొని మేకకు డబ్బులిచ్చినదానిలా గుమ్మం దిగాను.

కాగితం చేతికి రాగానే కుప్పం బస్సెక్కాను. మేనేజరు దాన్ని రెండుసార్లు చదివాడు.

"బిల్లుల టైపింగు. పనివాళ్లు లేరు. ఏమ్మా, మా పేషెంట్ల కాగితాలు టైపింగు అంగడికి ఇయ్యాల్నా?"

"అది ఊరికే అట్లా రాసింది సార్. మా దగ్గర అనుభవమున్న నర్సు ఉండాది."

"ఉంటే కాగితంలో యాల లేదు?"

"సరిచేసి తెండి, గడువు మాత్రం మారదు" అని ఆయన కాగితం నా వైపు తోశాడు. నెలాఖరుకు వారం కూడా లేదు.

మరునాడు నర్సక్క కుప్పం విషయం అడిగింది. దాచడం ఎందుకని కాగితం చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకుని, డాక్టరు చీటీ చదివినంత నిదానంగా చదివింది.

"దీంట్లో నేను యాడుండానమ్మా?"

"ఫీజు తక్కువైతాదని, అక్కా..."

"నెలనెలా జీతమిస్తాండావే, అది ఎవురికి మరి?"

కోపం లేదు. జ్వరం ఎంతుందో చెప్పే గొంతుతోనే అడిగింది. అందుకే ఎక్కువ తగిలింది. ఆమె పేరు లేని కాగితాన్ని పట్టుకుని, ఆమె పనిని కుప్పంలో అమ్మడానికి పోయాను నేను.

ఆ పూటే లేబర్ ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా నా మార్పు దరఖాస్తు చూసి కలం కింద పెట్టాడు.

"అందరూ తగ్గించమని వస్తారమ్మా. పెంచమని వచ్చింది నువ్వే. ఫీజు ఎక్కువైతాది, తెలుసునా?"

"తెలుసు."

"సార్ వచ్చి ఇల్లు సూడాల. వచ్చే వారం వస్తాడు."

"రేపు రమ్మనండి."

"రేపు పలమనేరులో పనుండాది."

"అయితే ఎల్లుండి పొద్దున."

"ఇదేం కూరగాయల సంతామ్మా?"

"సంతలో అయితే ఈపాటికి మీరే దిగొచ్చేవాళ్లు."

ఆయన నవ్వి, ఎల్లుండి అని రాసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక నేను ఎక్కువ కట్టడానికి బేరమాడి గెలిచింది అదొక్కసారే.

ఆ పొద్దున ఆఫీసరు గుమ్మం ముందు స్కూటరు ఆపేసరికి మా నాయన లోపల కాఫీ తాగుతున్నాడు. నన్ను చూసి పోదామని తొలి బస్సుకే వచ్చాడు. ఆఫీసరు చేతిలో ఫైలు చూడగానే గ్లాసు పక్కన పెట్టి లేచాడు. నేను నోరు తెరిచేలోపే మొదలుపెట్టేశాడు.

"రండి సామీ. ఈడేముండాది, ఆడబిడ్డ పొద్దుపోక ఏదో టిక్కుటిక్కుమని కొట్టుకుంటాంటాది..."

"నాయనా, నువ్వు ఊరుకో" అన్నాను. మా అంగడి వీధిలో తండ్రితో ఎవరూ అనని మాట అది. ఆఫీసరు వైపు తిరిగాను. "పొద్దుపోక కాదు సార్. వ్యాపారమే. ఆసుపత్రుల ఇన్సూరెన్సు బిల్లులు తయారుచేస్తాము. ఈమె నా దగ్గర పనిచేసే నర్సు. జీతం పుస్తకం ఇదిగో."

ఆఫీసరు గదంతా చూశాడు. "ఇది ఇల్లు కదమ్మా?"

"ఆ తలుపు అవతల ఇల్లు. ఇవతల ఆఫీసు. కాగితంలో ఇంట్లోనే అని రాయండి. నేను దాచేది లేదు."

నర్సక్క చేరి ఎన్నాళ్లయిందో, జీతమెంతో, పని ఎన్నింటినుంచి ఎన్నింటిదాకానో ఆమెనే అడిగాడు. ఆమె నా మొహం వైపు చూడకుండా జవాబులు చెప్పింది. ఆయన రాసుకుని స్కూటరెక్కాడు. మా నాయన గుమ్మంలోంచి నా వైపు తిరిగాడు.

"ఆఫీసరుకు ఉండేదంతా చెప్పేస్తివే!"

"చెప్పకుంటే కుప్పం పని పోతాది నాయనా."

ఆయనకు నచ్చలేదు. బస్సెక్కాక మాత్రం కిటికీలోంచి, "కుప్పం వాళ్లు ఎంతిస్తారంట?" అని అడిగాడు.

కొత్త కాగితం నెలాఖరుకు ఒక రోజు ముందు చేతికొచ్చింది. కుప్పం మేనేజరు దాన్ని చదివి, ఒప్పందం మీద సంతకం పెట్టి, తాడుతో కట్టిన మొదటి బిల్లుల కట్ట నా చేతుల్లో పెట్టాడు. బస్సులో దారి పొడవునా దాన్ని ఒళ్లోంచి దించలేదు.

మర్నాడు ఇద్దరం వంచిన తల ఎత్తలేదు. కట్టలో సగం కూడా కాలేదు, నర్సక్క అద్దాలు తీసి సంచీలో పెట్టుకుంది.

"ఇంకొక్క గంట ఉండు అక్కా" అన్నాను.

ఆమె గోడకు తగిలించిన కొత్త లేబర్ సర్టిఫికెట్ దగ్గరికి పోయి, పని వేళలు రాసిన వరస మీద వేలు పెట్టింది. "ఆరయిందమ్మా. పోతాండా."

పోయింది. మిగిలిన కట్ట నేనొక్కదాన్నే పూర్తిచేశాను.