ఆమె మాట, నా నోరు

మీ ఇంటి ఆడమనిషిని డాక్టరు ప్రశ్న అడిగితే, జవాబు మీరెందుకు చెబుతారు?

పంతొమ్మిది వందల అరవైల్లో, బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఇంగ్లీషు, బెంగాలీ కాగితాలను తెలుగు చేయడం నా పని. ఒకనాడు ఆసుపత్రి వరండాలో కూర్చుని, గోడకు అంటించే ప్రకటన ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘కన్సెంట్’ అన్నచోట ‘సమ్మతి’ అని రాసి చెరిపాను. ‘ఒప్పుదల’ అని రాసి అదీ చెరిపాను. మన తెలుగు రైల్వే కూలీలుండే ట్రాఫిక్ క్వార్టర్లలో ఏ మాట తెలుస్తుందో కనుక్కుని రేపు రాయొచ్చనుకున్నాను. అనువాదకుడికి రేపు ఉంటుంది, రబ్బరు ఉంటుంది.

అంతలో వార్డులోంచి బెంగాలీ డాక్టరమ్మ కేకేసింది.

మంచం మీద మా వీధి కోడలు. శ్రీకాకుళం వైపు నుంచి కాపురానికొచ్చిన పిల్ల, బెంగాలీ రాదు. రెండో కాన్పులో చావు తప్పి బయటపడింది. ఇద్దరూ ఆడపిల్లలే. మళ్ళీ గర్భం వస్తే ప్రాణం దక్కదు, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలంటోంది డాక్టరమ్మ. భర్త సరేనని డ్యూటీకి వెళ్ళిపోయాడు. కావలసింది ఆమె మాట. కానీ పక్కన అత్తగారుంది. గోల్‌బజార్‌లో చేపలు బేరమాడి బెంగాలీ నేర్చిన మనిషి. ఏమడిగినా ప్రశ్న కోడలిని చేరకముందే జవాబిచ్చేస్తోంది. నన్ను పిలిచింది అందుకే.

ప్రశ్నను తెలుగులో అడిగాను. కోడలు నోరు విప్పలేదు. అత్త ఎదుట మాట్లాడే అలవాటు ఆ ఇళ్ళలో కోడళ్ళకు లేదు.

“వద్దంతంది బాబూ. మగపిల్లోడు కావాలంట. అదే సెప్పు,” అంది అత్తగారు.

డాక్టరమ్మ చేతిలో కలం, చూపు నా మీద. నా నోటినిండా ఉపన్యాసం ఉంది. కొడుకుల పిచ్చి మీద ఖరిదా పేటలో జరిగే సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. కాగితం మీదైతే అడుగున నాలుగు ముక్కలు వివరణ రాసేవాణ్ణి. ఇక్కడ ఒక్క మాట కలిపినా ఆమె నిర్ణయం నాదైపోతుంది. అప్పుడు అత్తగారికీ నాకూ తేడా ఏమిటి?

“ఇది అత్తగారి మాట. రోగి ఇంకా ఏమీ చెప్పలేదు,” అన్నాను బెంగాలీలో.

అత్తగారికి ప్రతి ముక్కా అర్థమైంది. “మా ఈది మనిసివై ఉండి నా మీదే సాడీలు సెప్తావేటి?”

డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. నేనూ మళ్ళీ అడిగాను. వార్డంతా మావైపే చూస్తోంది. కోడలు గోడకేసి తిరిగి, “మళ్ళీ కంటే సచ్చిపోతాను. ఆపరేసన్ సేయించుకుంతాను,” అంది.

మాట గాలిలో ఉండగానే అందుకోవాలి, వెతుక్కోవడానికి వ్యవధి లేదు. ‘ఆమె అంటోంది’ అని పక్కకు జరగకుండా, ‘నేను సచ్చిపోతాను, నేను సేయించుకుంతాను’ అని ఆమె అన్నది అన్నట్టే బెంగాలీలో చెప్పాను.

“నువ్వు సేయించుకుంతావా? నీకేటి బాబూ, కడుపొచ్చిందా?” అంది అత్తగారు. పక్క మంచాలవాళ్ళు పకపకా నవ్వారు.

కోడలు ఇటు తిరిగింది. ఈసారి సూటిగా అత్తగారినే చూసింది.

“ఆ బాబు కాదత్తా. నేనే అన్నాను.”

నవ్వులు ఆగిపోయాయి. డాక్టరమ్మ రాసుకుంది. ఆపరేషన్ జరిగింది, ఆ పిల్ల బతికింది. అత్తగారు మాత్రం చేపల బజారులో నేను ఎదురైతే మొహం తిప్పుకునేది.

ఈసారి మీ ఇంటి మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు నోరు మూసుకోండి. భాష రాకపోతే వచ్చినవాణ్ణి పిలవండి. వాడు సొంత మాట ఒక్కటి కలిపినా బయటికి పంపండి. ఆమె చెప్పేదాకా ఆగండి. చెప్పాక వినండి.