తలుపు మిగిలిన నత్త

మొన్న వనపర్తిలో మా ఇంటికి వెల్ల వేయించడానికి బీరువా జరిపితే, వెనుక నుంచి చిటికెన వేలంత గాజుగొట్టం ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. అందులో మందు ఎప్పుడో ఆవిరైపోయింది. అడుగున ఆవగింజలో సగమంత గోధుమరంగు రేకు అంటుకుని ఉంది. మా ఆవిడ దాన్ని చెత్తలో వేయబోయింది. "ఆగు, అది ఒకరి నౌకరి" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఇన్నేళ్లలో ఆమెకూ చెప్పలేదు మరి.

రెండువేల తర్వాతి తొలి సంవత్సరాల్లో గద్వాలలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. తీరంలో చేపల మీద పరిశోధన చేసే మిత్రుడొకడు, లోతు సముద్రపు వలలో బురదతో పాటు వచ్చిన ఏడు నత్తలను గుర్తించి పెట్టమని పంపాడు. జొన్నగింజకన్నా చిన్నవి. సముద్రం మొహం చూడని ఊళ్లో సముద్రపు నత్తలని మా ప్రిన్సిపాల్ వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. వాటిని మొదట వేరుచేసింది మాత్రం మా ల్యాబు అటెండరు. నాకన్నా పదేళ్లు పెద్ద, అయిజ మనిషి, ఇంకా టెంపరరీయే. వాళ్ల పెద్దలు ఏటి ఒడ్డున నత్తగుల్లలు కాల్చి సున్నం చేసేవారట. నల్లకాగితం మీద వాటిని పరిచి, భూతద్దం పెట్టి చూసి, "సారూ, ఆరు ఒక్క తల్లి పిల్లలే. గిదొక్కటి పరాయిది. నోట్లె పన్నున్నది సూడుండ్రి" అన్నాడు. నవ్వాను. తర్వాత మూడు నెలలు పుస్తకాలతో పోల్చి, చుట్లు లెక్కపెట్టి, గీతలు లెక్కపెట్టి, చివరికి ఆ పన్ను దగ్గరికే వచ్చాను. ఆరూ తెలిసిన జాతివే. ఏడోది ఏ పుస్తకంలోనూ లేదు. కొత్త జాతి కావచ్చు, సెలవుల తర్వాత పట్టుకురమ్మని మిత్రుడు రాశాడు. మన పేరు మనమే పెట్టుకోకూడదని తెలిసీ, నోటుబుక్కు వెనక నా ఇంటిపేరుకు లాటిన్ తోక తగిలించి రాసుకున్నాను.

ఆరింటినీ తిప్పి పంపాక స్పిరిటు అయిపోయింది. (మా ల్యాబులో స్పిరిటు తాళం వేసినా అయిపోయేది.) ఏడోదాన్ని పాత ఫార్మలిన్‌లో వేస్తుంటే అటెండరు తన తమలపాకుల సంచిలోంచి సున్నపు డబ్బీ తీశాడు. మిగతా సీసాల్లో అప్పుడప్పుడూ కాస్త కలుపుతుండేవాడు.

"జర సున్నమెయ్యనీయుండ్రి సారూ. గీ మందు పాతదైతె పులుస్తది. గుల్లంటె సున్నమే గద, పులుపు తగిలితె ఆగుతదా?"

"నీకేం తెల్వదు. నువ్వు పోయి బెల్లు కొట్టు."

గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్ అని ఏటేటా నల్లబల్ల మీద రాసినవాణ్ణి నేను. సెలవులకు నాగర్‌కర్నూల్లో అత్తగారింటికి వెళ్లి, మామిడిపళ్లు తిని వచ్చాను. వచ్చి చూస్తే గొట్టంలో గుల్ల లేదు. చిన్న మాంసపు నలుసు, నత్త లోపలికి ముడుచుకున్నాక నోటికి అడ్డం పెట్టుకునే ఆ రేకు మాత్రమే ఉన్నాయి. అటెండరు వెలుతురుకు పట్టి చూసి, "ఇల్లు పాయె సారూ. తలుపు మిగిలింది" అన్నాడు. నన్ను తప్పుపట్టలేదు. తలుపు చూసి ఇంటివారి పేరు చెప్పడం ఏ శాస్త్రానికీ సాధ్యం కాదు.

ప్రిన్సిపాల్ మండిపడ్డారు. ఆయన బల్ల మీద అప్పుడే పర్మనెంటు చేయవలసినవాళ్ల జాబితా ఉంది. అందులో అటెండరు పేరుందని నాకు తెలుసు. "ఎవరు పాడుచేసిండ్రు?" అని అడిగారు.

"ఈయన సీసాలల్ల సున్నం కలుపుతుంటడు సార్" అన్నాను.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది. అటెండరు నా వైపు తిరిగి, "గా గొట్టంల నేను సున్నమేసిన్నా సారూ?" అని ఒక్కసారే అడిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ప్రిన్సిపాల్ ఎర్రపెన్ను తీశారు.

రెండేళ్లకు అయిజ సంతలో కనిపించాడు. పత్తి విత్తనాల చేలల్లో కూలికి పోతున్నాడట. చేతులు పగిలి ఉన్నాయి. తప్పు నాదేనని చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయనే ముందు, "మంచిగున్నరా సారూ? మన నత్తకు పేరు దొరికిందా?" అన్నాడు. "లేదు" అన్నాను. "మల్ల దొరుకుతది తియ్యుండ్రి, సముద్రం ఏడికి పోతది" అని నన్నే ఓదార్చి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మన నత్త అన్నాడు. నేను మాత్రం దానికి నా ఒక్కడి పేరే రాసుకున్నాను.

గొట్టం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఆ ల్యాబునూ, ఆ జాబితానూ, కోపగించిన ప్రిన్సిపాల్‌నూ కాలం కరిగించేసింది. నేనన్న ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం, ఈ రేకులాగే, అడుగున అలాగే వదిలిపెట్టింది.