చిక్కటి నీళ్ళు

స్నిగ్ధత పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక ప్రశ్న రాసేదాన్ని: నీళ్ళు చిక్కబడితే ఈత నెమ్మదిస్తుందా? జవాబూ నేనే చెప్పేదాన్ని. నెమ్మదిస్తుంది, చిక్కదనం మనిషిని వెనక్కి లాగుతుంది. నందిగామలో ఏళ్ళ తరబడి పిల్లలు దాన్ని నోట్సులో రాసుకున్నారు. నాకు ఈత వచ్చు, నాన్నే బావిలో నడుముకు తాడు కట్టి నేర్పాడు. చిక్కటి నీళ్ళలో మాత్రం ఎన్నడూ దిగలేదు.

నాన్న జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీల్లో పనిచేసి, ఇప్పుడు అక్కడే మా ఊళ్ళో నాలుగు మేకలు కాస్తున్నాడు. బడి ముఖం చూడలేదు. నా మాటంటే ఆయనకు వేదవాక్కు. మాత్ర కూడా నన్ను అడక్కుండా మింగడు.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం ఆయన వెంట వెళ్ళాను. వదిలేసిన క్వారీ గుంట అంచు జారి ఒక మేక నీళ్ళలో పడింది. వానకు రాతిపొడి కొట్టుకొచ్చి ఆ నీళ్ళు సున్నం కలిపినట్టు తెల్లగా, చిక్కగా ఉన్నాయి. నేను వద్దనేలోపే నాన్న చొక్కా విప్పి దూకేశాడు.

బాగానే ఈదుతున్నాడు. సగం దూరం వెళ్ళాడు. భయమేసింది నాకే. మునిగిన చెయ్యి కనపడని నీళ్ళవి. ఆ భయంలో నోరు జారాను.

“నాన్నా, అయ్యి మామూలు నీళ్ళు కాదు. చిక్కటి నీళ్ళల్లో ఈత సాగదు. మునిగిపోతావ్, వచ్చెయ్.”

ఆయన చేతులు ఆగిపోయాయి. నా వైపు చూశాడు. అంతవరకూ ఆ ముఖంలో భయం లేదు. కూతురు సాగదంది కాబట్టి సాగదు. రెండుసార్లు గాల్లో చేతులు కొట్టుకుని మునిగిపోయాడు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా చదువు ఆయన మతి కూడా పోగొట్టింది. చున్నీ విసిరేసి దూకాను. నీళ్ళు వెనక్కి లాగాయి, నిజమే. కానీ చేత్తో తోస్తే అంత గట్టిగానూ పట్టునిచ్చాయి. ఒంటిని ఎంత ఆపాయో అరచేతికి అంత ఊతమిచ్చాయి. బావిలో ఒక్కో బారకు ఎంత దూరం పోయేదాన్నో ఇక్కడా అంతే పోతున్నాను. ఇన్నేళ్ళూ సగం పాఠమే చెప్పానని అక్కడ తెలిసింది.

నాన్న తల పైకి తేలింది. జుట్టు దొరకబుచ్చుకుని చెవిలో చెప్పాను: “ఈదొచ్చు నాన్నా. చేతులాడించు.” ఆడించాడు. అదీ నేను చెప్పాననే. ఈలోపు మేక తనంతట తనే గట్టెక్కి ఆకులు నములుతోంది.

సోమవారం బోర్డు మీద జవాబు మార్చి, తప్పు నాదేనని పిల్లలకు చెప్పాను. అది తేలికే. నాన్న దగ్గరే నోరు పెగలడం లేదు. కనిపించినవాళ్ళందరికీ ఆయన ఒకటే చెబుతున్నాడు: “అమ్మాయి చెప్తానే ఉంది, నేనే ఇనిపించుకోలా. లేకపోతే అంత గండం వచ్చేదా?”

రోజూ పొద్దున మాత్ర అరచేతిలో పెట్టుకుని, వేసుకోమంటావా అని అడుగుతాడు. అట్ట మీది పేరు రెండుమూడుసార్లు చదువుతాను. అయినా ఊఁ అనాలంటే భయమేస్తుంది.