తాలు సినిమాకు నేను చెప్పిన సాక్ష్యం

మా చిన్నప్పుడు... మిరప కల్లంలో, సినిమా చూసొచ్చినవాళ్లకు పని మాఫీ. మధిర దగ్గర మా ఊళ్లో ఆడవాళ్లంతా ఎండిన కాయల కుప్ప చుట్టూ కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పడేసేవాళ్లు. సినిమా చూసినవాళ్లు మధ్యలో కూర్చుని కథ చెప్పాలి. కథ బాగుంటే సాయంత్రం దాకా చెప్పొచ్చు. బాగాలేకపోతే మా మేనత్త సుగుణ "తాలు!" అనేది. అంతే... లేచి కుప్ప దగ్గరికి పోవాల్సిందే.

ఆ ఏడు మా మామయ్య నన్ను మధిర తీసుకెళ్లి ఓ సినిమా చూపించాడు. ఆకాశంలో ఎగిరే వీరుడట! ఎగరడమా అది, నా మొహం... నడుముకు కట్టిన తాడు నాకే కనిపించింది. భుజాల మీద దుప్పటి, కింద బిగుతు లాగు. విలన్ నవ్వడం మొదలుపెడితే ఇంటర్వెల్ దాకా ఆపలేదు. హాల్లో ఒకాయన తెర మీదికి చెప్పు విసిరాడు. నేనూ విసిరేదాన్నే, నావి కొత్తవి కాబట్టి ఊరుకున్నాను.

మర్నాడు కల్లంలో అత్త అడిగింది. "ఎట్లుందే సినిమా?"

నాకు పదకొండేళ్లు. ముందురోజే మిరప ఘాటుకు చేతులు మండి ఏడ్చాను. నిజం చెబితే మళ్లీ ఏరుడే.

"మస్తుందత్తా!"

ఇక కథ అల్లాను చూడండి... మున్నేరు పొంగిందన్నాను. బడిపిల్లల ట్రాక్టర్ కొట్టుకుపోతుంటే హీరో ఒంటిచేత్తో ఎత్తాడన్నాను. చిన్నప్పుడు తప్పిపోయిన కొడుకు వీడేనని ఒడ్డున నిలబడ్డ తల్లి గుర్తుపట్టిందన్నాను. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆదివారం పని బందు పెట్టి అందరూ ట్రాక్టరెక్కి మధిర పోయారు. నేను ఇంట్లోనే ఉండిపోయాను.

సోమవారం అత్త నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మున్నేరు ఏదే? ఆ తల్లి ఏదే? ఆ దుప్పటోడు బల్లి లెక్క గోడకు అతుక్కునుడు తప్ప ఏముందే అండ్ల?"

"చేతులు మండుతున్నయని అత్తా..."

"మండుతున్నయని చెప్తే నేను వద్దంటనా? ఆ తల్లిని చూద్దామనే గదనే నేను పోయింది!"

కుప్ప దగ్గర కూర్చుని తాలు ఏరాను.

మొన్న మా అమ్మాయితో ఖమ్మంలో కొత్త సూపర్‌హీరో సినిమాకు వెళ్లాను. ఫోన్లో చూస్తే అందరూ బ్రహ్మాండం అన్నారు, ఐదుకి ఐదు స్టార్లు కుప్పపోశారు. తీరా చూస్తే... అదే దుప్పటి! తాడొక్కటే కనిపించలేదు. తలనొప్పితో బయటపడ్డాం. ఆ స్టార్లు ఇచ్చినవాళ్లు తెల్లారేసరికి ఇంకో చెత్త సినిమాకు అవే స్టార్లు ఇస్తున్నారు. సిగ్గూ లేదు, అడిగేవాళ్లూ లేరు.

నేను చెప్పింది ఒక్క అబద్ధం. మా అత్త చనిపోయేదాకా "సినిమా ఎట్లుందే?" అని నన్ను మళ్లీ అడగలేదు.

మీరూ ఇట్లా ఎవరినైనా ఓ చెత్త సినిమాకు పంపారా...? వాళ్లు మిమ్మల్ని ఇంకా అడుగుతున్నారా?